‘సౌండ్’ అనే రూపంలో ఎన్ని మాటలున్నాయి? ఇంగ్లీషు పదం పుట్టుకను విడదీసి చూసే పద్ధతి

తెలుగు వ్యాకరణ పుస్తకాల్లో నానార్థాల పట్టిక ఒకటి ఉంటుంది. ఒక మాట రాసి, దాని ఎదుట అర్థాలన్నిటినీ వరుసగా పేరుస్తారు. ‘కరము’ అంటే చేయి, కిరణం, తొండం, పన్ను అని చిన్నప్పుడు వల్లెవేసినవాళ్లం చాలామందిమి. ఆ పట్టిక జ్ఞాపకానికి మేలు చేస్తుంది కాని, పదం పుట్టుకను తెలుసుకోవాలనుకునేవారు మొట్టమొదట వేయవలసిన ప్రశ్నను మాత్రం మరుగుపరుస్తుంది. ‘కాలు’ అనే రూపాన్ని చూడండి. మనిషి కాలు, కుర్చీ కాలు ఒకే మాట. పోలిక వల్ల అర్థం మనిషి నుంచి కుర్చీకి సాగింది. ‘కట్టె కాలుతోంది’ అన్నప్పటి కాలు మాత్రం వేరే మాట. రూపం కలిసింది తప్ప అర్థానికి అర్థానికి దారి లేదు. మొదటిది ఒక మాట ఎదగడం, రెండవది రెండు మాటలు ఒకే రూపంలో ఎదురుపడడం. ఇంగ్లీషు పదాన్ని పరిశీలించేటప్పుడు కూడా ‘దీనికి ఎన్ని అర్థాలు’ అని కాక, ‘ఈ రూపంలో ఎన్ని మాటలు దాగి ఉన్నాయి’ అని అడగడంతో పని మొదలుపెట్టాలని నా నిశ్చితాభిప్రాయం.

ఈ పద్ధతిని ఒకే పదం మీద చివరిదాకా నడిపి చూపిస్తాను. ఆ పదం ‘సౌండ్’. ఇది తెలుగులో ఎంతగా కలిసిపోయిందంటే, దానికి ధ్వని కాక మరో అర్థం ఉంటుందన్న అనుమానం కూడా మనకు రాదు. ఆ ధీమాయే దీన్ని మంచి ఉదాహరణగా నిలబెడుతోంది.

నిఘంటువు తెరవకముందు చేయవలసిన పని

ముందు వాక్యాలు పోగుచేయండి. చదివినవాటిలో, విన్నవాటిలో ఆ పదం కనిపించిన ప్రతి చోటునూ ఒక్కొక్క చీటీ మీద రాసుకోండి. పదాన్ని ఒంటరిగా కాక, దాని చుట్టూ ఉన్న మాటలతో సహా రాయండి. తరువాత ప్రతి చీటీ వెనుక ఆ ప్రయోగాన్ని తెలుగులో చెప్పండి. ‘లౌడ్ సౌండ్’ అంటే పెద్ద చప్పుడు. ‘ఇట్ సౌండ్స్ గుడ్’ అంటే వినడానికి బాగుంది. ‘సేఫ్ అండ్ సౌండ్’ అంటే క్షేమంగా, ఏ దెబ్బా తగలకుండా. ‘సౌండ్ స్లీప్’ అంటే గాఢనిద్ర. ‘ఆఫ్ సౌండ్ మైండ్’ అంటే మతి స్థిమితంగా ఉన్న. ‘సౌండ్ అడ్వైస్’ అంటే నమ్మదగిన సలహా. ‘లాంగ్ ఐలాండ్ సౌండ్’ అనే పేరులో అది సముద్రపు పాయ. నావికులు ‘సౌండింగ్ తీశారు’ అంటే లోతు కొలిచారు. ‘ద వేల్ సౌండెడ్’ అంటే తిమింగిలం అరిచిందని కాదు, నీటి అడుగుకు మునిగిపోయిందని.

ఇక్కడ తెలుగు మనకు ఇచ్చే సాయం చిన్నది కాదు. ఇంగ్లీషువారికి ఒకే రూపంగా కనిపించేది మన భాషలోకి రాగానే చప్పుడు, క్షేమం, జలసంధి, లోతు కొలవడం అని నాలుగు దిక్కులకు విడిపోతుంది. ఏ రెండు తెలుగు మాటల మధ్య మీరు సహజంగా వంతెన వేయగలరో ఆ చీటీలను ఒక కుప్పగా పెట్టండి. ఆరోగ్యమైన శరీరం, చెక్కుచెదరని దూలం, తప్పులేని వాదం, మధ్యలో చెదరని నిద్ర: వీటన్నిటినీ ‘లోపం లేనిది’ అనే ఒక్క భావం కలుపుతుంది కనుక అవి ఒక కుప్ప. ఆ భావాన్ని చప్పుడుతో కలపాలంటే కథ అల్లవలసి వస్తుంది. కథ అల్లవలసిన చోట ఆగి, వేరే కుప్ప పెట్టడం మంచిది.

కుప్పలు సరిగా పడ్డాయో లేదో చూడడానికి వ్యతిరేకపదాన్ని పరీక్షగా వాడవచ్చు. ‘అన్‌సౌండ్’ అంటే దృఢంగా లేనిది, నమ్మరానిది; నిశ్శబ్దానికి ఆ మాట ఎవరూ వాడరు. అలాగే ‘సౌండ్‌నెస్’ అనేది ‘లోపం లేనిది’ అనే కుప్పకే చెందుతుంది, ధ్వనికి అటువంటి భావనామం లేదు. ‘సౌండ్‌లెస్’ దగ్గర జాగ్రత్త అవసరం. నేటి వాడుకలో దానికి అర్థం నిశ్శబ్దమని. పాత ఇంగ్లీషు కవిత్వంలో సముద్రాన్ని సౌండ్‌లెస్ అన్నప్పుడు లోతు అందనిదని. ఒకే ప్రత్యయం రెండు వేర్వేరు మాటలకు చేరి, మళ్లీ ఒకే రూపాన్ని ఇచ్చింది.

నిఘంటువును చదివే తీరు

ఇప్పుడు నిఘంటువు తెరవవచ్చు, కాని ఏ నిఘంటువు అన్నది ముఖ్యం. విద్యార్థుల కోసం తయారైన చిన్న నిఘంటువులు చాలావరకు పదాన్ని నామవాచకం, క్రియ, విశేషణం అని వ్యాకరణాన్ని బట్టి విడదీసి, వాడుక ఎక్కువగా ఉన్న అర్థాన్ని ముందు పెడతాయి. అక్కడ పదం పక్కన కనిపించే 1, 2, 3 అంకెలు పుట్టుకను చెప్పవు. వ్యుత్పత్తిని ఇచ్చే పెద్ద నిఘంటువుల్లో ఆ అంకెలకు వేరే విలువ ఉంది: పుట్టుక వేరైతే ఆరోపం, అంటే నిఘంటువులో అర్థాలు ఇచ్చే తలమాట, వేరు. 1884లో మొదటి భాగం వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ప్రతి అర్థాన్నీ కాలక్రమంలో పెట్టి, ప్రతిదానికీ తేదీలతో కూడిన ప్రయోగాలను చూపుతుంది. మీ చీటీల కుప్పలను అటువంటి నిఘంటువులోని ఆరోపాలతో పోల్చండి. తేడా వచ్చిన చోట మీ తర్కాన్నీ, వారి ఆధారాలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

వ్యుత్పత్తి భాగంలో కనిపించే పొడి అక్షరాలకు భయపడనవసరం లేదు. ‘ఓఇ’ అంటే సుమారు 1100 వరకు ఉన్న ప్రాచీన ఇంగ్లీషు, ‘ఎమ్ఇ’ అంటే ఆ తరువాత సుమారు 1500 వరకు ఉన్న మధ్యయుగపు ఇంగ్లీషు, ‘ఓఎన్’ అంటే స్కాండినేవియా వారి పాత భాష అయిన ప్రాచీన నార్స్, ‘ఓఎఫ్’ అంటే ప్రాచీన ఫ్రెంచ్. ఒక రూపం ముందు నక్షత్రం గుర్తు ఉంటే, అది ఏ రాతప్రతిలోనూ దొరకలేదనీ, బంధుభాషలను పోల్చి పండితులు పునర్నిర్మించారనీ అర్థం. ‘నుంచి వచ్చింది’ అన్నదానికీ ‘జ్ఞాతిపదం’ అన్నదానికీ ఉన్న తేడాను ఎప్పుడూ మరవకండి. మొదటిది తల్లీబిడ్డల సంబంధం, రెండవది ఒకే పూర్వీకుని సంతతి మధ్య ఉండే సంబంధం. ‘బహుశా’ అన్న మాట కనిపిస్తే దాన్ని మీ రాతలో కూడా ఉంచండి. చాలా కట్టుకథలు ఆ ఒక్క మాటను జారవిడవడం వల్లనే పుట్టాయి.

నాలుగు మాటలు, నాలుగు దారులు

ధ్వని అనే అర్థంలోని సౌండ్ లాటిన్ ‘సొనుస్’ నుంచి ప్రాచీన ఫ్రెంచ్ ‘సొన్’ మీదుగా వచ్చింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత అక్కడ వేళ్లూనిన ఫ్రెంచ్ ఈ మాటను ఇంగ్లీషుకు ఇచ్చింది. సొనాటా, యూనిసన్, రెసొనెన్స్, హల్లును చెప్పే కాన్సొనెంట్ అన్నీ ఈ కుటుంబమే. ఇక సొనుస్‌కు మన వైపు ఉన్న జ్ఞాతి సంస్కృతంలోని ‘స్వనం’. తెలుగు భాషాశాస్త్రవేత్తలు వాగ్ధ్వనికి వాడే పారిభాషిక పదం అదే. ‘నిస్వనం’ అన్న కావ్యపదంలోనూ అదే ఉంది. పోలిక చూసి ముచ్చటపడి ఒప్పుకోవలసిన సంబంధం కాదిది. సంస్కృతంలో ‘స్వ’ ఉన్న చోట లాటిన్‌లో ‘సొ’ రావడం మరికొన్ని మాటల్లోనూ కనిపిస్తుంది: సోదరి అనే అర్థంలో మనకు ‘స్వస’ ఉంటే వారికి ‘సొరోర్’, మనకు ‘స్వప్నం’ ఉంటే వారికి నిద్ర అనే అర్థంలో ‘సొమ్నుస్’. ఇటువంటి క్రమం దొరికినప్పుడే జ్ఞాతిత్వాన్ని నమ్మాలి. చాలామంది చేసే పొరపాటు ఒక్క జత పోలికతో ఆగిపోవడం.

ఈ మాటలో మరో విశేషం చివరనున్న ‘డ్’. లాటిన్‌లో అది లేదు, ఫ్రెంచ్‌లో లేదు, మధ్యయుగపు ఇంగ్లీషులో కూడా మొదట ‘సూన్’ అనే అనేవారు. ‘న్’ పలికి ముగించేటప్పుడు నాలుక కొన పళ్ల వెనుక ఆనే ఉంటుంది. ముక్కుగుండా పోయే గాలి కొంచెం ముందే ఆగిపోతే, అదే స్థానంలో ఒక ‘డ్’ దానంతట అదే పుడుతుంది. అలా పుట్టిన హల్లు 15, 16 శతాబ్దాల్లో రాతలోనూ స్థిరపడింది. పిడుగుల ఉరుమును చెప్పే ‘థండర్’లోని డకారం కూడా ఇలా వచ్చినదే; ప్రాచీన ఇంగ్లీషులో అది ‘థునొర్’. అయితే పామరుల నోట ‘గౌన్’ ‘గౌండ్’ అయినప్పుడు, ‘డ్రౌన్’ ‘డ్రౌండ్’ అయినప్పుడు శిష్టవ్యవహారం వాటిని ఒప్పుకోలేదు. ఒకే మార్పుకు ఒకచోట పీట, మరొకచోట తిరస్కారం దొరకడాన్ని గమనిస్తే, తప్పొప్పుల గీత గీసేది ఉచ్చారణ సూత్రం కాదనీ, వాడుకను శాసించినవారి ఆమోదమనీ బోధపడుతుంది.

ఆరోగ్యం, దృఢత్వం అనే అర్థంలోని సౌండ్ అచ్చమైన జెర్మానిక్ మాట, అంటే ఇంగ్లీషు, జర్మన్ భాషలు చెందిన కుటుంబపు సొంత మాట. ప్రాచీన ఇంగ్లీషులో అది ‘గెసుండ్’ అన్నదానికి సమీపమైన రూపం. ముందున్న ఉపసర్గ కాలక్రమంలో రాలిపోయింది. జర్మన్ భాషలో అది నేటికీ ‘గెజుంట్’గా బతికి ఉంది, తుమ్మినవారికి జర్మన్లు చెప్పే ‘గెజుంట్‌హైట్’ అన్న మాటకు అర్థం ఆరోగ్యం. ఈ ఒక్క మాట అర్థంలో ఎంత దూరం నడిచిందో చూడడం నాకు చాలా ఇష్టమైన పని. మొదట జబ్బులేని శరీరం. అక్కడి నుంచి పుచ్చిపోని కలప, పగుళ్లు లేని గోడ. ఆపైన కంటికి కనిపించని ఆలోచన, అప్పుల పాలు కాని వ్యాపారం. తర్కశాస్త్రంలో దీనికి కచ్చితమైన నిర్వచనం ఏర్పడింది: నిర్ణయం ఆధారవాక్యాల నుంచి తప్పనిసరిగా వచ్చేదై ఉండాలి, ఆ ఆధారవాక్యాలు నిజం కూడా కావాలి, అప్పుడే ఆ వాదాన్ని సౌండ్ అంటారు. ‘సౌండ్ బీటింగ్’ అంటే లోటు లేకుండా కొట్టడం! లోపం లేకపోవడమనే సూత్రం అక్కడిదాకా సాగింది.

జలసంధి అనే అర్థంలోని సౌండ్ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. ప్రాచీన నార్స్‌లో ‘సుండ్’ అంటే ఈత, ఇరుకైన సముద్రపు పాయ కూడా. ఈదడమనే అర్థంగల ‘స్విమ్’ దీని చుట్టమే. ధాతువులోని ‘మ్’ దంత్యానికి ముందు ‘న్’గా మారింది, మన వ్యాకరణంలో పరసవర్ణమనే మార్పు వంటిదే ఇది. చేపలు నీటిలో తేలడానికి ఉపకరించే గాలితిత్తిని సౌండ్ అనడం కూడా ఈత అనే అర్థం నుంచే వచ్చింది. డెన్మార్క్, స్వీడన్ల మధ్యనున్న ఓరెసుండ్ జలసంధిని ఇంగ్లీషువారు ‘ద సౌండ్’ అనే పిలిచారు. దాని గుండా పోయే ఓడల నుంచి డెన్మార్క్ 1429 నుంచి 1857 వరకు సుంకం వసూలు చేసింది. చరిత్ర పుస్తకాల్లో ‘సౌండ్ డ్యూస్’ అన్నది ఈ సుంకమే. దాన్ని ధ్వనిపన్ను అని అనువదిస్తే ఎంత అనర్థమో వేరే చెప్పనక్కరలేదు.

నాలుగవది లోతు కొలవడం. దీని మూలం ప్రాచీన ఫ్రెంచ్ క్రియ ‘సొందే’. అంతకు ముందు ఏమిటన్నది పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాని విషయం. లాటిన్‌లో ‘అడుగున’ అనే ‘సుబ్’, ‘అల’ అనే ‘ఉందా’ కలిసి, కెరటం కిందికి పోవడమనే అర్థంలో ఒక క్రియ ఏర్పడి ఉంటుందని ఒక వాదం. అదే నిజమైతే మన ‘ఉదకం’ కూడా దీనికి దూరపు చుట్టమవుతుంది, ఎందుకంటే లాటిన్ ఉందా, సంస్కృత ఉదకం, ఇంగ్లీషు వాటర్ ఒకే మూలానికి చెందినవి. మరో వాదం ప్రకారం ఫ్రెంచ్‌వారే దీన్ని ఉత్తరదేశపు నావికుల నుంచి తీసుకున్నారు. ప్రాచీన ఇంగ్లీషులో లోతు కొలిచే గెడకు ‘సుండ్‌గ్యుర్డ్’ అనే పేరు ఉండడం వారి ఆధారం. రెండవ వాదం నెగ్గితే మూడవ మాట, నాలుగవ మాట ఒకే కుటుంబమైపోతాయి. అందువల్ల ఈ రూపంలో నాలుగు మాటలున్నాయని చెప్పేటప్పుడు కూడా, ఆ చివరి గీత చెరిగిపోయే అవకాశం ఉందని మనసులో ఉంచుకోవాలి.

లోతు కొలిచే పనిని దగ్గరగా చూస్తే దాని అర్థవిస్తారం తేటగా తెలుస్తుంది. నావికులు తాడుకు సీసపు గుండు కట్టి నీటిలోకి వదిలేవారు. తాడును ఫాదమ్‌లలో లెక్కించేవారు, ఒక ఫాదమ్ 6 అడుగులు. మార్క్ ట్వేన్ అనే కలంపేరుకు ఆధారం రెండు ఫాదమ్‌ల లోతు ఉందని చెప్పే పడవవాళ్ల కేకే. 1872–76 మధ్య సాగిన చాలెంజర్ నౌకాయాత్రలో, 1875 మార్చిలో పసిఫిక్ మహాసముద్రంలోని మెరియానా ప్రాంతంలో 4,475 ఫాదమ్‌ల లోతు తేలింది. అది సుమారు 8,184 మీటర్లు. సీసపు గుండు అడుగున చిన్న గుంట చేసి, అందులో జంతువుల కొవ్వు నింపేవారు. అడుగున ఉన్న ఇసుకో, గవ్వ ముక్కలో దానికి అంటుకుని పైకి వచ్చేవి. అంటే ఆ పని లోతును కొలవడంతో ఆగలేదు, అడుగున ఏమున్నదో పరీక్షించడం కూడా అందులో ఉంది. ఒక మనిషి లోపలి అభిప్రాయాన్ని నెమ్మదిగా రాబట్టడాన్ని ‘సౌండ్ ఔట్’ అనడం, వైద్యులు శరీరంలోకి పంపి పరీక్షించే కడ్డీని సౌండ్ అనడం ఈ దారినే వచ్చాయి.

దారులు కలిసే చోట పడే చిక్కులు

పుట్టుకలు తెలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. తెలిసిన తరువాత మళ్లీ మొదటి చీటీల దగ్గరకు వెళ్లి, అనుమానం ఉన్న ప్రతి ప్రయోగాన్నీ దాని మూలానికి అప్పగించాలి. ‘ఎకో సౌండింగ్’ను తీసుకోండి. ఓడ నుంచి ధ్వనితరంగాన్ని పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతును లెక్కించే పద్ధతి అది. పని జరిగేది ధ్వనితోనే అయినా, పేరులోని సౌండింగ్ ధ్వనిది కాదు, లోతు కొలిచే క్రియది. పదం మూలమూ యంత్రం పని తీరూ యాదృచ్ఛికంగా కలిసిన చోటు ఇది, అందుకే ఎవరైనా పొరబడడానికి వీలుంది. నీటిలోని వస్తువులను ధ్వనితో కనిపెట్టే సోనార్ అనే సంక్షేపంలోని మొదటి మాట మాత్రం నిజంగా ధ్వనే. ‘సౌండింగ్ రాకెట్’ను ధ్వని రాకెట్ అనడం పూర్తిగా తప్పు, పై వాతావరణాన్ని పరీక్షించి వచ్చే రాకెట్ కనుక దానికి ఆ పేరు. బెలూన్లతో పంపే ‘రేడియోసాండ్’ అన్న పరికరం పేరులోనూ అదే ఫ్రెంచ్ మాట ఉంది.

‘సౌండ్ ఔట్’ మరీ సున్నితమైనది. పిల్లలు అక్షరాలను ఒక్కొక్కటిగా పలికి పదాన్ని చదవడాన్ని కూడా అదే మాటతో చెబుతారు; అది ధ్వనికి చెందినది. ఇక్కడ కర్మ ఏమిటో అడిగితే చిక్కు విడిపోతుంది: పలికేది పదమైతే ధ్వని, కదిలించేది మనిషి మనసైతే లోతు. ‘సౌండింగ్ బోర్డ్’ మొదట ఉపదేశకుని గొంతు దూరానికి వినిపించేలా తల మీద అమర్చిన పలక, అంటే ధ్వని మాటే. మన ఆలోచన ఎలా ఉందో చెప్పి చూసుకునే స్నేహితునికి ఆ పేరు పెట్టినప్పుడు, వినేవారి మనసులో లోతు పరీక్షించే అర్థం కూడా మెదులుతుంది. పుట్టుక వేరైన మాటలు ఒకే రూపంలో కాపురముంటే ఒకదాని నీడ మరొకదాని మీద పడడం సహజం. దాన్ని ప్రభావమని రాసుకోండి, మూలమని మాత్రం రాయకండి.

నాలుగూ ఒకే రూపానికి ఎలా వచ్చాయన్నది కూడా చెప్పుకోవాలి. ‘గెసుండ్’లోని హ్రస్వమైన ఉకారం తరువాత ‘న్డ్’ ఉండడం వల్ల దీర్ఘమయింది. ఫ్రెంచ్ నుంచి వచ్చినవాటిలోనూ ఊకారమే పలికేవారు. 15వ శతాబ్దం నుంచి ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానం మారినప్పుడు ఆ ఊకారం ఔకారమయింది. ‘హూస్’ ‘హౌస్’ అయినట్టే ఇదీ. ఫలితం మన మూలం, మౌలికం అన్న జంటలోని ఊకార ఔకారాల వంటిదే కాని, కారణం పూర్తిగా వేరు. ధ్వనికి చెందిన మాటకు చివరన డకారం చేరడంతో నాలుగింటి మధ్య తేడా వినడానికి ఏమీ మిగలలేదు.

నమ్మకూడని వ్యుత్పత్తులు

సొనుస్ కుటుంబాన్ని వెదికేటప్పుడు ‘పర్సన్’ అన్న మాట తప్పక ఎదురవుతుంది. నాటకాల్లో నటులు వేసుకునే ముసుగును లాటిన్‌లో ‘పెర్సోనా’ అంటారు. ముసుగు గుండా గొంతు మోగుతుంది కనుక ‘గుండా’ అనే ‘పెర్’, ‘మోగు’ అనే ‘సొనారె’ కలిసి ఆ మాట పుట్టిందని రోమన్ల కాలం నుంచే చెబుతూ వచ్చారు. అందమైన కథే. అయితే పెర్సోనాలో ఓకారం దీర్ఘం, సొనారెలో ఒకారం హ్రస్వం. ఆ దీర్ఘానికి కారణం చూపలేక ఆ కథ నిలబడదు. హ్రస్వదీర్ఘాల తేడాతో అర్థమే మారిపోయే భాష మనది కనుక ఈ అభ్యంతరం ఎంత బలమైనదో తెలుగువారికి వివరించనక్కరలేదు. అలాగే ఆరోగ్యాన్ని చెప్పే సౌండ్‌ను, అదే అర్థంగల లాటిన్ ‘సానుస్’తో కలపాలనిపిస్తుంది. అర్థం కలిసింది, మొదటి అక్షరం కలిసింది, కాని ధ్వనిసంబంధం రుజువు కాలేదు, కాబట్టి కలపకూడదు.

ఇదే పద్ధతిని మీరు స్వయంగా నడిపి చూడడానికి ‘మ్యాచ్’ అనే పదం అనువుగా ఉంటుంది. ఆటలో పోటీ, సరిజోడు, వధూవరుల పొత్తు, అగ్గిపుల్ల: నాలుగు చీటీలు రాసుకోండి. మొదటి మూడింటినీ ‘జత’ అనే ఒక్క తెలుగు మాటతో కలపగలరు, అవి జోడీని చెప్పే ప్రాచీన ఇంగ్లీషు మాట నుంచి వచ్చినవి. అగ్గిపుల్ల మాత్రం కలవదు. అది దీపపు వత్తిని చెప్పే ప్రాచీన ఫ్రెంచ్ మాట. తరువాత ‘బార్క్’ తీసుకోండి: కుక్క మొరగడం, చెట్టు బెరడు, తెరచాప ఓడ. ఈసారి కుప్పలు ఎన్ని పడతాయో, వాటిలో ఏది నార్స్ వారి మాటో, ఏది లాటిన్ నుంచి వచ్చిందో నిఘంటువు చూడకముందే ఊహించి, చీటీ వెనుక రాసిపెట్టుకోండి.